మాంటిపోరాను తినే న్యూడిబ్రాంక్‌లు: ట్యాంకులో మందు పోయకండి, గుడ్ల సంగతి చూడండి

తర్వాత చదివేవాళ్లకు కూడా పనికొస్తుందని మీ ప్రశ్నను ముందు ఒకసారి చెబుతాను. మీ సముద్రపు నీటి ట్యాంకులో నారింజ రంగు ప్లేట్ మాంటిపోరా (పళ్లెంలా పెరిగే ఒక కోరల్, అంటే పగడం) అంచుల నుంచి తెల్లబడుతోంది, ఎత్తి చూస్తే అడుగున చిన్న చిన్న తెల్లటి పురుగులు కనిపించాయి. మొత్తం ట్యాంకులో మందు పోసేస్తే పోతాయా, వాటిని తినే చేపను తెచ్చి వదిలితే సరిపోతుందా, పక్కనున్న వేరే రకాలకు, అంటే కొమ్మలుగా పెరిగే ఆక్రోపోరాకూ గుంపులుగా పెరిగే జోవాలకూ కూడా పాకుతాయా అన్నది మీ టెన్షన్.

మందు పోయకండి. చేపను తెచ్చుకోవచ్చు గానీ భారమంతా దాని మీద వేయకండి. ఆక్రోపోరాకు, జోవాలకు ఇది పాకదు. నా ట్యాంకులోకీ ఇదే పురుగు వచ్చింది, కొన్ని కోరల్స్ పోయాయి, ఎక్కువ భాగం నిలబడ్డాయి, ఆ తర్వాత అది మళ్లీ కనిపించలేదు. ఆ అనుభవంతో చెబుతున్నాను, కంటికి కనబడే పురుగును చంపడం పెద్ద పనేం కాదు, ఇబ్బంది అంతా గుడ్లతోనే. ఏ డిప్‌నైనా (కోరల్‌ను కాసేపు ముంచి తీసే మందునీళ్లు) సరే, గుడ్లను కూడా చంపేస్తుందని నమ్మి కూర్చోలేం. అందుకే కింద రాసినదంతా గుడ్లను దృష్టిలో పెట్టుకునే రాశాను.

ముందుగా అది నిజంగా న్యూడిబ్రాంకేనా అని తేల్చుకోండి. తెల్లటి గిన్నెలో ట్యాంకు నీళ్లు పోసి, కోరల్‌ను అందులో ఉంచి అడుగు భాగం మీదికి సిరంజితో నీళ్లు గట్టిగా కొట్టండి. రాలిపడినదాన్ని భూతద్దం కింద చూడండి. పాల రంగు ఒళ్లు, వీపు మీద రెండు వైపులా వరసగా చిన్న చిన్న వేళ్లలాంటి కాడలు, ముందు భాగంలో సన్నటి మీసాలు, నింపాదిగా పాకుతూ ఉంటే అదే. పెంకు లేని సముద్రపు నత్త అన్నమాట. చాలావరకు అర సెంటీమీటరు కూడా ఉండవు. రీఫ్ ట్యాంకులు పెట్టేవాళ్లను ఎన్నో ఏళ్లుగా ఏడిపిస్తున్నా, ఈ జాతికి ఫెస్టిల్లా సబోడియోసస్ అని శాస్త్రీయంగా పేరు పెట్టింది 2020లోనే. పగలు ప్లేటు అడుగునే దాక్కుంటాయి కాబట్టి పై నుంచి రోజూ చూసేవాళ్లకు అవి కనిపించవు, తెల్లబడిన అంచు మాత్రమే కనిపిస్తుంది. అప్పటికే అడుగున మూడు తరాలు కాపురం పెట్టి ఉంటాయి.

తెల్లబడిన ప్రతి మాంటిపోరాకూ పురుగే కారణం కాదు, ఈ మాట గట్టిగా చెప్పాలనిపిస్తోంది, ఎందుకంటే పురుగనుకుని అనవసరంగా డిప్‌ల మీద డిప్‌లు ఇచ్చి ఆ ఒత్తిడితోనే కోరల్‌ను పోగొట్టుకున్నవాళ్లను చూశాను. ఆల్కలినిటీ (నీళ్ల క్షారత) ఒక్కసారిగా మారితే ఒక్క మాంటిపోరా కాదు, ఆక్రోపోరా కండ కూడా మొదలు దగ్గర నుంచి ఊడిపోవడం మొదలుపెడుతుంది. లైటు ఎక్కువైతే పై భాగం వెలిసిపోతుంది, నీడలో ఉన్న అడుగు బాగుంటుంది. పురుగు పని దీనికి తలకిందులు: అడుగు నుంచి, అంచు నుంచి, కోరల్ రాయికి అతుక్కున్న చోటు నుంచి మొదలై, మిగిలిన కండ ఆరోగ్యంగా, మంచి రంగులో ఉండగానే కొరికినట్టు వంకరటింకర అంచుతో లోపలికి వస్తుంది. బాగా తెల్లగా మెరుస్తూ ఉంటే అది తాజా గాయం, గోధుమ రంగు నాచు పట్టిందంటే పాతది. మీ దానిలో రెండూ పక్కపక్కనే ఉన్నాయని రాశారు, అంటే నెమ్మదిగా ఆగకుండా తింటున్నాయని అర్థం.

మొత్తం ట్యాంకుకు మందు ఎందుకు వద్దంటే, న్యూడిబ్రాంక్‌ను చంపేంత మోతాదు నత్తల్ని, రొయ్యల్ని, పీతల్ని, ఇసుకలో బతికే పాడ్స్ అనే సన్నటి జీవుల్ని కూడా చంపే ప్రమాదం ఉంది. అవన్నీ ఒకేసారి చచ్చి కుళ్లితే అమ్మోనియా లేస్తుంది, నష్టం పురుగు చేసిన దానికన్నా ఎక్కువవుతుంది. ఇంత చేసినా గుడ్లు మిగులుతాయి. వెచ్చటి నీళ్లలో వారం అటూ ఇటూగా అవి పొదిగి కథ మళ్లీ మొదటికొస్తుంది.

మనకు కలిసొచ్చే విషయం ఒకటుంది. ఈ పురుగుకు మాంటిపోరా తప్ప వేరే తిండి పట్టదు. కాబట్టి ట్యాంకులోని మాంటిపోరాలన్నీ, బాగున్నట్టు కనిపించేవి కూడా, బయటికి తీసేయాలి. అనాక్రోపోరా ఉంటే అదీ తీయండి, అది మాంటిపోరాకు దగ్గరి బంధువు. తీసినవాటిని ఉంచడానికి ముప్పై, నలభై లీటర్ల చిన్న ట్యాంకు చాలు, ఇసుక, రాయి ఏమీ వద్దు, ఒక హీటరు, చిన్న పంపు, సరిపడా వెలుగు ఇచ్చే లైటు, కోరల్స్ పెట్టడానికి ఒక ర్యాక్. ఉష్ణోగ్రత 25, 26 డిగ్రీల దగ్గర, సాంద్రత 1.025 దగ్గర, ఆల్కలినిటీ మీ పెద్ద ట్యాంకులో ఎంత ఉంటే అంతే పెట్టండి. నీళ్లు మార్చేటప్పుడు పెద్ద ట్యాంకు నీళ్లు తెచ్చి పోయకండి, కొత్తగా కలిపిన ఉప్పునీళ్లే వాడండి. బకెట్టు, సిరంజి, పటకారు అన్నీ దీనికి వేరుగా ఉండాలి.

ఇక డిప్. కోరల్స్ కోసమే తయారుచేసిన డిప్ ఏదైనా పరవాలేదు, సీసా మీద రాసిన మోతాదు, రాసినంత సేపు. తోట పురుగులకు వాడే ఇమిడాక్లోప్రిడ్ మందును కొందరు డిప్‌గా వాడతారు, పనిచేస్తుందని వాళ్లంటారు గానీ రొయ్యలకూ పీతలకూ అది మహా విషం, మనకూ మంచిది కాదు, నేను దాని జోలికి పోలేదు. మూడు గిన్నెలు పెట్టుకోండి, మొదటిదానిలో డిప్, మిగతా రెండింటిలో ఉత్త ఉప్పునీళ్లు, మూడూ ఒకే ఉష్ణోగ్రతలో. డిప్‌లో ఉన్నంతసేపూ ఊరికే చూస్తూ కూర్చోకండి, సిరంజితో అడుగు భాగం మీదికి, మడతల్లోకి నీళ్లు కొడుతూనే ఉండండి, ఎందుకంటే మందుకు మత్తెక్కిన పురుగు పట్టు వదిలినా మడతలో ఇరుక్కునే ఉంటుంది, తర్వాత మందు లేని నీళ్లు తగలగానే కోలుకుంటుంది. ఆ తర్వాత రెండు గిన్నెల్లో కడిగి చిన్న ట్యాంకులో పెట్టండి. డిప్ నీళ్లు ఏ ట్యాంకులోకీ వెళ్లకూడదు.

ఇంతవరకూ అందరూ చేస్తారు, చాలామంది ఇక్కడితో ఆగిపోతారు కూడా. అసలు పని ఇప్పుడే. కోరల్‌ను తిరగేసి, బతికిన కండకూ చచ్చిన తెల్లటి భాగానికీ మధ్య ఉన్న గీత వెంబడి భూతద్దంతో చూస్తూ వెళ్లండి. గుడ్లను ఎక్కువగా ఆ గీతను ఆనుకుని తెల్లటి భాగం మీదే పెడుతుంది, ఒక్కో ముద్ద చిన్న జిగురు చుక్కలా ఉంటుంది, లోపల గుండ్రటి తెల్లటి చుక్కలు కనిపిస్తాయి. పుల్లతో గీకితే చాలావరకు ఊడతాయి గానీ గరుకు గుంటల్లో ఉన్నవి ఊడవు, అందుకే గీకడం కన్నా కోసేయడం మేలు. పెద్ద ప్లేటును యథాతథంగా కాపాడుకోవాలన్న ఆశ ఉంటుంది, నాకూ ఉండేది, నేనెంతో ఇష్టంగా పెంచుకున్న ప్లేటు అది, అయినా రెండు మూడు సెంటీమీటర్ల ముక్కలుగా విరగ్గొట్టి, చచ్చిన భాగాన్నంతా పారేసి, బతికిన కండ ఉన్న ముక్కల్నే ఉంచాను. మాంటిపోరా గట్టి ప్రాణం, ముక్కలు తేలిగ్గా కోలుకుంటాయి. పాత ప్లగ్గుల్ని (కోరల్ ముక్కను అంటించే చిన్న దిమ్మల్ని) పారేసి కొత్త ప్లగ్గుల మీద అంటించండి, ముక్క అడుగున ఎక్కడైనా కండ లేని తెల్లటి చోటు మిగిలితే దాన్నంతా సూపర్ గ్లూ జెల్‌తో పూసేయండి. మిగిలిన గుడ్లు లోపలే సమాధి అవుతాయి, కొత్తగా పెట్టడానికి చోటూ ఉండదు. నా దృష్టిలో డిప్ కన్నా ఈ జిగురు పూతే ఎక్కువ పని చేసింది.

డిప్, పరీక్ష వారానికోసారి, కనీసం ఆరు వారాలు. వారం అన్న లెక్క ఎందుకంటే, గుడ్డులోంచి వచ్చిన పిల్ల పెరిగి తను గుడ్లు పెట్టేలోపే దొరకాలి. అంతకన్నా తరచుగా చేస్తే కోరల్ తట్టుకోలేదు. మొదటి రెండు సార్లు ఏమీ రాలకపోతే పోయిందనుకుని ఆపేయకండి, ఎక్కువమంది దగ్గర ఇది తిరగబెట్టేది సరిగ్గా అక్కడే.

రాయి మీద పొరలా పాకే మాంటిపోరా ఉంటే చిక్కే. దాన్ని ఊడదీయలేం. రాయి విడిగా వస్తే రాయితో సహా చిన్న ట్యాంకుకు మార్చండి. రాకపోతే ఒక ముక్కను ఉలితో చెక్కి దాచుకుని, మిగతాదాన్ని పూర్తిగా తీసేయండి, చేతికందనిదాన్ని ఎపాక్సీతో కప్పేయండి. బాధగానే ఉంటుంది. కానీ అర చెయ్యంత మాంటిపోరా పెద్ద ట్యాంకులో మిగిలినా ఈ ఆరు వారాల శ్రమా వృథా.

చేపల సంగతి. ఎల్లో కోరిస్, మెలనూరస్, సిక్స్‌లైన్ రాస్ చేపలు రాయి మీద కనిపించే చిన్న పురుగుల్ని రోజంతా ఏరుకుని తింటాయి, నేను మెలనూరస్‌ను పెంచుతున్నాను, మంచి చేప. అయితే ప్లేటు అడుగున, దాని మూతి దూరని సందులో ఉన్న పురుగును అది తినలేదు, గుడ్ల జోలికైతే పోనే పోదు. పురుగుల సంఖ్య పెరగకుండా చూస్తుంది, అంతవరకే. కోరిస్, మెలనూరస్ రాత్రి ఇసుకలో దూరి పడుకుంటాయి, ఇసుక లేని ట్యాంకైతే తేకండి. పైన జాలీ మూత తప్పనిసరి, ఎగిరి బయట పడతాయి. సిక్స్‌లైన్ పెద్దయ్యాక మిగతా చిన్న చేపల్ని తరిమి తరిమి కొడుతుంది.

మీ ఆక్రోపోరా, జోవాల విషయం. వాటికి వేరే శత్రువులున్నాయి, ఒకదానిది ఒకదానికి పట్టదు. ఆక్రోపోరాకు ఫ్లాట్‌వార్మ్ అనే చదునైన పురుగు అన్నిటికన్నా ప్రమాదం, కోరల్ రంగులోనే కలిసిపోతుంది కాబట్టి ఎదురుగా ఉన్నా కనిపించదు, కొమ్మల మీద గుండ్రటి లేత మచ్చలు, కొమ్మ మొదలు దగ్గర తేనె రంగు గుడ్ల గుంపులు కనిపిస్తే అనుమానించాలి. దీనికి శాస్త్రీయ నామం వచ్చిందీ 2011లోనే, ఆ తర్వాతే గ్రేట్ బ్యారియర్ రీఫ్‌లో సహజంగా ఉన్నట్టు గుర్తించారు. దానికీ ఇదే పద్ధతి: వేరు చేయడం, డిప్, గుడ్లున్న భాగం కోసేయడం. కాకపోతే దాని గుడ్లు పొదగడానికి ఎక్కువ రోజులు పడుతుంది కాబట్టి ఇంకొన్ని వారాలు అదనంగా వేసుకోవాలి. ఆక్రోపోరాకే పట్టే రెడ్ బగ్స్ సంగతి మాత్రం వేరు, అవి అర మిల్లీమీటరు ఉండే పసుపు రంగు జీవులు, ఒంటి మీద ఎర్ర చుక్క ఉంటుంది, కుక్కల గుండె పురుగు మందు మిల్బెమైసిన్‌తో చస్తాయి, దానితో పాటు రొయ్యలూ పీతలూ పోతాయి. జోవాల న్యూడిబ్రాంక్ తను తిన్న జోవా రంగునే తెచ్చుకుంటుంది, మూసుకుని తెరుచుకోని గుంపు ఉంటే అక్కడ వెతకండి. నలుపు తెలుపు గళ్లతో చదునుగా చుట్టుకున్న గవ్వ ఉన్న సన్‌డయల్ నత్త కూడా జోవాల్నే తింటుంది, కనబడగానే చేత్తో ఏరేయండి.

రాత్రి టార్చి వేసి చూస్తే తెల్లబడిన చోట బ్రిసిల్ వార్మ్‌లు (ఒంటి పక్కల ముళ్లలాంటి వెంట్రుకలున్న పురుగులు) కనబడతాయి, వాటిని చంపకండి. ట్యాంకుల్లో ఉండే వాటిలో చాలా రకాలు చచ్చినదాన్ని శుభ్రం చేయడానికే వస్తాయి, కోరల్‌ను చంపింది అవి కాదు. అలాగే ఆక్రోపోరా కొమ్మల మధ్య ఉండే చిన్న నున్నటి టెట్రాలియా పీత తన ఇంటికి కాపలా కాస్తుంది. దాన్ని ఏరేస్తే మీకే నష్టం.

ఆరు వారాలయ్యాక, చివరి మూడు పరీక్షల్లో గుడ్డు గానీ పురుగు గానీ కనిపించకపోతే, అన్ని ముక్కల్నీ ఒకేసారి పెద్ద ట్యాంకులోకి మార్చకండి. ఒక్క ముక్కను, అదీ చేతికి అందే ర్యాక్ మీద, అంటించకుండా పెట్టండి. రెండు మూడు వారాలు తరచూ తీసి తిరగేసి చూడండి, బాగుంటే మిగతావి. ఇకమీదట ఎక్కడి నుంచి ఏ కోరల్ తెచ్చినా, ఎంత నమ్మకమైనవాళ్లు ఇచ్చినా, ప్లగ్గు తీసేసి ఈ చిన్న ట్యాంకులోనే మొదట పెట్టండి, దాన్ని విప్పేయకండి.

ఈలోగా మీ ప్లేటు అడుగు భాగం ఫొటో పెట్టండి, పై నుంచి తీసినవి ఎన్ని ఉన్నా ఉపయోగం లేదు. గోరుతో గీకితే గట్టిగా సున్నంలా తగిలే చిన్న తెల్లటి చుట్టలుంటే అవి స్పైరార్బిడ్ పురుగుల గొట్టాలు, హాని చేయవు. మెత్తగా జిగురులా ఉంటే మాత్రం ఆలస్యం చేయకుండా మాంటిపోరాలన్నీ బయటికి తీయండి.