ఒక చెవిలో గిటార్, ఇంకో చెవిలో బేస్: రమోన్స్ మీద పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: అమెరికన్ పంక్ రాక్ బ్యాండ్ రమోన్స్ తొలి ఆల్బమ్ ఇయర్‌ఫోన్స్‌లో వింటుంటే గిటార్ అంతా కుడి చెవిలోనే వస్తోంది. ఎడమ వైపు బేస్ (మంద్ర స్వరాల గిటార్) మాత్రమే. పాటల ఫైళ్లు పాడయ్యాయా, ఇయర్‌ఫోన్స్ పోయాయా?

జవాబు: రెండూ బాగానే ఉన్నాయి. ఆ ఆల్బమ్‌ని మిక్స్ చేసిందే అలా. బీటిల్స్ తొలినాళ్ల స్టీరియో రికార్డుల పద్ధతిలో బేస్‌ని ఎడమకు, గిటార్‌ని కుడికి పంపి, డ్రమ్స్, గొంతు మధ్యలో ఉంచారు. న్యూయార్క్ రేడియో సిటీ మ్యూజిక్ హాల్ భవనంలోని ప్లాజా సౌండ్ స్టూడియోలో ఏడు రోజుల్లో, 6,400 డాలర్లతో పూర్తి చేసి 1976లో సైర్ రికార్డ్స్ ద్వారా విడుదల చేశారు. 14 పాటలూ కలిపి 29 నిమిషాలే.

ఒక్క చెవికే పెట్టుకుని వింటే మాత్రం సగం బ్యాండ్ మాయమవుతుంది. ఫోన్ సెట్టింగ్స్‌లో మోనో ఆడియో ఆన్ చేస్తే రెండూ కలిసి వస్తాయి. నిర్మాత క్రెయిగ్ లియోన్ చేసిన మోనో మిక్స్ 2016 నాటి 40 ఏళ్ల ప్రత్యేక ఎడిషన్‌లో ఉంది. స్పీకర్లలో అదే ఇంకా గట్టిగా తగులుతుంది. వాయించడం నేర్చుకునేవాళ్లు మాత్రం స్టీరియోనే పట్టుకోవాలి. ఎడమది తీసేస్తే జానీ గిటార్ ఏం చేస్తోందో విడిగా వినబడుతుంది, కుడిది తీసేస్తే డీ డీ బేస్. ఇంతకంటే మంచి గురువు దొరకడు.

ప్రశ్న: ఆ పాటలకు గిటార్ వాయిస్తుంటే ఒక్క పాటకే చెయ్యి పడిపోతోంది. పైగా శబ్దం ముద్దగా వస్తోంది. ఎక్కడ తప్పు?

జవాబు: మూడు కార్డుల (ఒకేసారి మోగే స్వరాల గుంపుల) పాటలు కాబట్టి తేలికే అనుకుని అందరూ దెబ్బతినేది ఇక్కడే. జానీ రిథమ్ దాదాపు అంతా డౌన్‌స్ట్రోక్‌లే, అంటే పిక్ (తీగలు మీటే చిన్న బిళ్ల) పైనుంచి కిందికే. నిమిషానికి 180 బీట్ల వేగంలో బీటుకి రెండు చొప్పున కొడితే సెకనుకు ఆరు దెబ్బలు. మోచేతి నుంచి ఊపితే ఆ వేగం నిలవదు. కదలిక మణికట్టులో ఉండాలి. పిక్ మొన వేళ్ల బయటికి మూడు నాలుగు మిల్లీమీటర్లకు మించి రానివ్వకండి. ఆఖరి తీగ దాటాక చెయ్యి ఎంత కిందికి జారితే అంత దూరం మళ్లీ పైకి ఎక్కాలి, అలసట అంతా అక్కడే. మెట్రోనోమ్ (తాళం వేసే పరికరం) నిమిషానికి 100 బీట్ల దగ్గర పెట్టి ఒకే కార్డు రెండు నిమిషాలు ఆపకుండా కొట్టండి. ముంజేయి బిగుసుకోకపోతేనే 5 పెంచండి. నొప్పి పుడితే ఆ రోజుకి ఆపేయండి.

కిందికీ పైకీ మార్చి కొడితే సులువే కానీ ఆ ధ్వని రాదు. పైకి కొట్టినప్పుడు పిక్ ముందు సన్న తీగల్ని తాకుతుంది, ఆ దెబ్బ తేలిపోతుంది. జానీ వాయించిన ప్రతి దెబ్బా ఒకే బరువుతో పడుతుంది.

ముద్దగా రావడానికి కారణం చాలావరకు గెయిన్, అంటే యాంప్‌లో శబ్దాన్ని గరుకుగా మార్చే నాబ్. బారె కార్డులో (ఒక వేలు తీగలన్నిటి మీదా అడ్డంగా పెట్టే పట్టు) ఐదారు తీగలు ఒకేసారి మోగుతాయి, ఆ గరుకుదనం (డిస్టార్షన్) ఎక్కువైతే అవి ఒకదాన్నొకటి మింగేస్తాయి. కార్డు కొట్టి పట్టుకున్నప్పుడు అందులో సన్న తీగ విడిగా వినబడేంత వరకు గెయిన్ తగ్గించి, వాల్యూమ్ పెంచండి. జానీ మోస్‌రైట్ గిటార్, మార్షల్ యాంప్‌లతో తెచ్చింది ఆ పదునే.

ప్రశ్న: వాళ్ల రెండో ఆల్బమ్ ‘లీవ్ హోమ్’ పాత ఎల్పీలో (వినైల్ రికార్డులో) ఉన్న ఒక పాట నా దగ్గరున్న కాపీలో లేదు. ఎందుకు?

జవాబు: మొదటి వైపు ఐదో పాట చూడండి. 1977 జనవరిలో వచ్చిన తొలి ముద్రణలో అక్కడ ‘కార్బోనా నాట్ గ్లూ’ ఉండేది. కార్బోనా ఒక మరకలు తీసే ద్రావకం ట్రేడ్‌మార్క్ కావడంతో పాటని తీసేశారు. ఆ చోట అమెరికాలో ‘షీనా ఈజ్ ఎ పంక్ రాకర్’, బ్రిటన్‌లో ‘బేబీసిట్టర్’ చేరాయి. ఎల్పీ కొనేటప్పుడు అట్టతో సరిపెట్టుకోకుండా డిస్క్ మీది లేబుల్‌ కూడా చదవండి.

ప్రశ్న: మొత్తం 14 స్టూడియో ఆల్బమ్‌లంటున్నారు. ఏ వరసలో వినాలి?

జవాబు: మొదటి నాలుగూ వరసగా వినండి: ‘రమోన్స్’, ‘లీవ్ హోమ్’, ‘రాకెట్ టు రష్యా’, ‘రోడ్ టు రూయిన్’. మా లెక్కలో మూడోదే శిఖరం. నాలుగో దానికి తొలి డ్రమ్మర్ టామీ డ్రమ్స్ వదిలి మార్కీకి అప్పగించాడు, తాను నిర్మాణంలో ఉన్నాడు. వేగం కాస్త తగ్గింది, పాటల నిడివి పెరిగింది. తర్వాత ‘ఇట్స్ అలైవ్’ తప్పక వినాలి. 1977 డిసెంబర్ 31న లండన్ రెయిన్‌బో థియేటర్‌లో రికార్డు చేసిన కచేరీ అది, గంట లోపే 28 పాటలు.

1980లో ఫిల్ స్పెక్టర్ నిర్మించిన ‘ఎండ్ ఆఫ్ ది సెంచరీ’ అమెరికా చార్టులో 44వ స్థానానికి చేరింది, వాళ్లకి అదే అత్యధికం. అయినా కొత్తవాళ్లు దాంతో మొదలుపెట్టొద్దు. స్పెక్టర్ చేర్చిన హంగులో బ్యాండ్ బలం మరుగున పడిపోయింది. ఎనభైలలో ఒక్కటే వినే ఓపిక ఉంటే 1984 నాటి ‘టూ టఫ్ టు డై’ పట్టుకోండి. టామీ, ఎడ్ స్టేసియం కలిసి మళ్లీ నిర్మించారు, గిటార్ ముందుకొచ్చింది.

ప్రశ్న: అందరి ఇంటిపేరూ రమోన్ కదా, వీళ్లు అన్నదమ్ములా?

జవాబు: కాదు. న్యూయార్క్ క్వీన్స్‌లోని ఫారెస్ట్ హిల్స్ కుర్రాళ్లు. బీటిల్స్‌లోని పాల్ మెకార్ట్నీ ఒకప్పుడు వాడిన పాల్ రమోన్ అనే మారుపేరు నుంచి డీ డీ ఆ ఇంటిపేరు తీసుకుంటే మిగతావాళ్లూ పెట్టుకున్నారు. 1974 నుంచి 1996 ఆగస్టు 6న హాలీవుడ్‌లో చివరి కచేరీ దాకా, తర్వాత చేరిన ప్రతివాళ్లూ ఆ పేరే పెట్టుకున్నారు. అమెరికా చార్టులో 111వ స్థానం దాటని తొలి ఆల్బమ్‌కి అక్కడ గోల్డ్ గుర్తింపు, అంటే ఐదు లక్షల కాపీలు, 2014లో గానీ రాలేదు. అప్పటికి తొలి నలుగురిలో టామీ ఒక్కడే మిగిలాడు. ఆ జులైలో అతనూ వెళ్లిపోయాడు.