రాయగలిగిన వాక్యం నోట ఎందుకు రాదు?

ఎనిమిదో తరగతి చదువుతున్న మీ అబ్బాయి ఇంగ్లీషు వ్యాకరణంలో మంచి మార్కులు తెచ్చుకుంటున్నా, మాట్లాడేటప్పుడు మాత్రం ‘హి గోస్’ అనకుండా ‘హి గో’ అంటున్నాడని, వ్యాకరణానికి విడిగా ట్యూషన్ పెట్టించాలా అని అడిగారు. నేను ఇరవై రెండేళ్లుగా జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో ఇంగ్లీషు బోధిస్తున్నాను. అయితే ఈ చిక్కు నాకు ఉపాధ్యాయుడిని కాకముందే, హిందీ నేర్చుకుంటున్నప్పుడు ఎదురైంది కనుక అక్కడి నుంచే మొదలుపెడతాను.

చిన్నప్పుడు దక్షిణ భారత హిందీ ప్రచార సభ వారి ప్రాథమిక, మధ్యమ, రాష్ట్రభాష పరీక్షలు వరుసగా ప్యాసయ్యాను. క్రియ సకర్మకమై భూతకాలంలో ఉంటే కర్తకు ‘నే’ చేరుతుందని, అప్పుడు క్రియ కర్తను విడిచి కర్మను అనుసరిస్తుందని, బోల్నా, భూల్నా, లానా దీనికి మినహాయింపులని నిద్రలో లేపి అడిగినా చెప్పేవాణ్ని. ఆ చదువు వల్ల హిందీ పుస్తకాలు హాయిగా చదవగలిగాను. డిగ్రీ తరువాత ఉద్యోగరీత్యా రెండేళ్లు భోపాల్‌లో ఉన్నాను. అక్కడ మొదటి వారంలోనే ఇంటి యజమాని భోజనం చేశావా అని అడిగితే నా నోట వచ్చిన మాట ‘మై రోటీ ఖాయా’. హిందీలో రోటీ స్త్రీలింగం కనుక అనవలసింది ‘మైనే రోటీ ఖాయీ’. తెలుగులో ‘నేను రొట్టె తిన్నాను’ అన్నప్పుడు క్రియ ‘నేను’కే కట్టుబడి ఉంటుంది, తిన్నది ఏ లింగమన్న ప్రశ్న మనకు పుట్టనే పుట్టదు. (హైదరాబాదు దక్ఖినీలోనూ ఈ ‘నే’ దాదాపు వినిపించదు.) రాసేటప్పుడు సూత్రాన్ని గుర్తు చేసుకునే వ్యవధి ఉంటుంది, మాట్లాడేటప్పుడు మనసంతా చెప్పదలచిన విషయం మీద ఉంటుంది కాబట్టి ఆ వ్యవధి దొరకదు. మీ అబ్బాయికి జరుగుతున్నదీ ఇదే.

ఆ ఇంటి యజమాని ప్రతి సాయంత్రం తన చిన్ననాటి సంగతులు చెప్పేవారు. ‘మైనే దేఖా’, ‘ఉస్నే కహా’ వంటి మాటలు కొన్ని వందలసార్లు విన్న తరువాత నాకు తెలియకుండానే ‘నే’ నోటికి వచ్చింది, కానీ అక్కరలేని చోట కూడా వచ్చి ‘మైనే గయా’ అనడం మొదలుపెట్టాను. ఉన్నది కూడా పోయిందని అప్పుడు బాధపడ్డాను. అది ఎదుగుదలకు గుర్తు అని తరువాత చదువుకున్నాను. నేర్చుకునేవాడి తప్పులు అతని లోపల రూపు కట్టుకుంటున్న వ్యవస్థకు ఆనవాళ్లని 1967లో భాషాశాస్త్రవేత్త పిట్ కార్డర్ రాశారు. మాతృభాషా కాని, లక్ష్యభాషా కాని ఆ నడిమి భాషకు 1972లో మరో భాషాశాస్త్రవేత్త లారీ సెలింకర్ ‘ఇంటర్‌లాంగ్వేజ్’ అని పేరు పెట్టి దానిని పరిశీలించే మార్గం చూపారు. ఇంగ్లీషు నేర్చుకునే పిల్లలకు ‘గోయింగ్’లోని ‘ఇంగ్’ తొందరగా పట్టుబడుతుందని, ‘గోస్’లోని ‘ఎస్’ చాలా ఆలస్యంగా వస్తుందని 1970ల నాటి పరిశోధనలు తేల్చాయి. చెప్పడానికి ఎంతో తేలికైన ఆ సూత్రం రావడానికి మాత్రం అంత కష్టమైనదన్నమాట. మన పాఠ్యక్రమం దానిని తొలి పాఠాలలోనే పెట్టి, అప్పుడే వచ్చి తీరాలని ఆశిస్తుంది.

అర్థమయ్యే భాషను సమృద్ధిగా వినిపిస్తే చాలునన్న భాషాశాస్త్రవేత్త స్టీఫెన్ క్రాషెన్ వాదాన్ని నేను కొత్తలో పూర్తిగా నమ్మి, రెండేళ్ల పాటు తరగతిలో కథలు చెప్పడమే పనిగా పెట్టుకున్నాను. పిల్లలు కథలను చక్కగా అర్థం చేసుకున్నారు, కానీ ‘హి గో’ కదలలేదు. కెనడాలో ఇంగ్లీషు మాతృభాషగా గల పిల్లలకు పాఠాలన్నీ ఫ్రెంచిలోనే చెప్పిన బడులలోనూ ఇటువంటిదే కనిపించింది: వాళ్లు ఫ్రెంచి బాగా గ్రహించేవారు, మాట్లాడితే మాత్రం వ్యాకరణం సడలేది. అందుకే వినడంతోపాటు, తడుముకుంటూనైనా తామే వాక్యం కట్టవలసిన అవసరం పిల్లలకు కలగాలని ఆ బడులను పరిశీలించిన మెరిల్ స్వెయిన్ 1985లో వాదించారు.

నాకు దారి చూపినది మన దక్షిణాదిలోనే 1979 నుంచి 1984 వరకు ఇంగ్లీషు బోధనా నిపుణుడు ఎన్.ఎస్. ప్రభు నడిపిన బెంగళూరు ప్రాజెక్టు. అందులో వ్యాకరణ పాఠాలకు బదులు రైళ్ల వేళలు, పటాలు వంటివి ఇచ్చి, ఆలోచించి తేల్చవలసిన చిన్న చిన్న పనులు చేయించారు. నేను మా బస్టాండులోని వేళల పట్టికను తరగతికి తెచ్చాను. ఒకాయన పది గంటలకల్లా గుంటూరు ఆసుపత్రిలో ఉండాలంటే ఏ బస్సు ఎక్కాలి, అది తప్పిపోతే ఏమి చేయాలి అన్నది ప్రశ్న. నలభై నిమిషాలు గడిచినా గంట కొట్టిన సంగతి పిల్లలు పట్టించుకోలేదు; ‘హి రీచ్’ అంటూనే వాదించుకున్నారు.

తప్పును ఎలా దిద్దాలన్న విషయంలోనూ నా పద్ధతి మార్చుకోవలసి వచ్చింది. పిల్లవాడు ‘హి రీచ్’ అంటే ‘అవును, హి రీచెస్’ అని సౌమ్యంగా సరిచేసి ముందుకు సాగేవాణ్ని. పిల్లలు దానిని అంగీకారంగా మాత్రమే వింటున్నారని ఆలస్యంగా గ్రహించాను. కెనడా తరగతులను పరిశీలించిన పరిశోధకులు లిస్టర్, రాంటా 1997లో చెప్పినదీ దీనికి దగ్గరే: ఉపాధ్యాయుడే సరైన రూపం అందిస్తే పిల్లలు తమ మాట తాము దిద్దుకోవడం తక్కువ. ఇప్పుడు నేను ‘హి...?’ అని ఆగి, వాళ్లనే పూర్తి చేయనిస్తాను.

కాబట్టి ట్యూషన్ వద్దని నా అభిప్రాయం. వాళ్ల నాయనమ్మ పొద్దున లేచింది మొదలు ఏమేమి చేస్తుందో రోజుకు పది నిమిషాలు మీ అబ్బాయిని ఇంగ్లీషులో చెప్పనివ్వండి, మధ్యలో ఆపకండి, చెప్పడం అయ్యాక ఒక్క చోట మాత్రం ‘షి...?’ అని అడిగి ఓపికగా ఎదురుచూడండి. నెలరోజులలో ఫలితం రాలేదని మానేయవద్దు. నా విద్యార్థులలో చాలామందికి ఆరో తరగతిలో చెప్పిన ఆ ‘ఎస్’ పదో తరగతి చివరికి గాని మాటలో నిలకడగా రాలేదు.