మీటింగులో మాట్లాడనివాళ్ల సంగతి

ఇచ్ఛాపురం

అమ్మడూ,

నైరోబీలో ఐక్యరాజ్యసమితి ఆఫీసులో పదకొండు మంది నీ చేతి కింద పనిచేస్తారని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. కడుపు నిండినట్టయింది. ఎనిమిది దేశాల వాళ్లని నీకు టెన్షన్‌గా ఉందట. అందుకే రాస్తున్నాను.

మౌనం అర్ధాంగీకారం అంటాం కదా, ఆ మాటను ఆఫీసుకు తీసుకెళ్లకు. నేను తీసుకెళ్లాను. ఆఫ్రికాలో ఒక సహాయ సంస్థలో ఉండగా, బియ్యం లారీలు గురువారం కదలాలని మీటింగులో చెప్పేశాను. ఎవరూ కాదనలేదు. స్టోరు చూసే పెద్దాయన తల వంచుకుని రాసుకున్నాడు. మర్నాడు వాన. లారీలు తొమ్మిది రోజులు బురదలో దిగబడిపోయాయి. ఆ దారి సంగతి ఆయనకు ముందే తెలుసు. ఎందుకు చెప్పలేదయ్యా అంటే, "మీరు అందరి ముందూ చెప్పేశాక ఎలా కాదనను?" అన్నాడు. ఆ తొమ్మిది రోజులూ పస్తులున్నవాళ్లు ఇప్పటికీ గుర్తొస్తారు. ముందు నోరు తెరిచిన తప్పు నాది.

నువ్వు అందరికంటే చివర మాట్లాడు. ఏం అడగబోతున్నావో ముందురోజే రాసి పంపు. సమితికి అధికార భాషలు ఆరున్నా మీ మీటింగు ఇంగ్లీషులోనే నడుస్తుంది, గలగలా మాట్లాడేవాడే తెలివైనవాడిలా కనిపిస్తాడు. అక్కడ మోసపోకు. తర్వాత మాట్లాడనివాళ్ల బల్ల దగ్గరికి నువ్వే వెళ్లి, "ఇందులో ఎక్కడ దెబ్బ తింటాం?" అని అడుగు. "సరేనా?" అంటే ఎవరైనా సరే అనే అంటారు.

దేశాల తేడా కంటే నాకు లోతుగా కనిపించింది కాంట్రాక్టు తేడా. బయటి నుంచి వచ్చిన నీకు ఒక స్కేలు, అక్కడివాళ్లకు ఆ ఊరి జీతాలను బట్టి ఇంకొకటి. నువ్వు కొన్నేళ్లకు వెళ్లిపోతావు, వాళ్లు ఉండిపోతారు. మన తాలూకాఫీసులో బదిలీ మీద వచ్చే ఆఫీసరూ, ఊళ్లోనే ఉండే గుమాస్తాలాగే. స్కేలు మార్చడం నీ చేతిలో లేదు. ట్రైనింగుకు ఎవర్ని పంపాలి, రిపోర్టు మీద ఎవరి పేరు ఉండాలి అన్నవి ఉన్నాయి.

రంజాన్ నెలలో సాయంత్రం మీటింగులు పెట్టకు. పండుగ నెలవంకను బట్టి వస్తుంది, సెలవు ఒకరోజు అటూ ఇటూ ఉంచు.

ఉద్యోగం ఇప్పించమని ఉద్దానం నుంచి ఫోన్లు వస్తాయి. ప్రకటన పంపు, మాట ఇవ్వకు. సమితి ఛార్టరు 101వ అధికరణం సామర్థ్యాన్నీ నిజాయితీనీ ముందు చూడమంటుంది, ఆపైన వీలైనన్ని దేశాల నుంచి తీసుకోమంటుంది. ఇంటర్వ్యూలో అందరికీ అవే ప్రశ్నలు వెయ్యి.

మన గిడుగు రామమూర్తిగారు కొండల్లో ఉండే సవర గిరిజనులకు చదువు చెప్పాలనుకుని, ముందు తానే సవర భాష నేర్చుకున్నారు. నువ్వూ స్వాహిలీ మొదలుపెట్టు. తప్పులు మాట్లాడు, వాళ్లను దిద్దనీ. నీ మాటను దిద్దడం అలవాటైనవాడు రేపు నీ లారీలనూ ఆపుతాడు.

మీ అమ్మ వచ్చేటప్పుడు పలాస జీడిపప్పు పంపుతాను. మొదటి మీటింగు అయ్యాక ఎవరెవరు మాట్లాడలేదో నాకు రాయి.

మీ పెదనాన్న