తల్లిచేపను తొందరపెట్టకు

అమ్మడూ,

నువ్వు ఉద్యోగం మానేసి కైకలూరు దగ్గర చేపపిల్లల హేచరీ లీజుకు తీసుకున్నావని నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్లో చెప్పి ఏడ్చింది. నాకూ నిద్ర పట్టలేదు. సంతోషం సగం, భయం సగం. ముప్పై ఏళ్లు చేపసీడు మీద బతికిన మావయ్యను, నాతో ఒక్క మాటైనా అనకుండా అడ్వాన్సు ఎలా ఇచ్చావే? సరే, ఇచ్చేశావు. ఇప్పుడైనా విను.

నీళ్లు పరీక్ష చేయించు. రెండో జనరేటర్ పెట్టు. మగచేప పక్కరెక్క గరుగ్గా ఉందో లేదో తడిమి చూడు. ఇవన్నీ ముత్తుకూరు కాలేజీలో నీకు నేర్పే ఉంటారు. తడి చేతులతో మాత్రం మోటారు స్టార్టరు ముట్టుకోకు. రబ్బరు చెప్పులు లేకుండా గట్టు మీద అడుగు పెట్టావని తెలిసిందా, నేనే వచ్చి గేటుకు తాళం వేస్తాను.

ఇక అసలు సంగతి. 1998 జూలైలో ఒక వ్యాపారి యాభై లక్షల శీలావతి స్పాన్, అదే గుడ్డులోంచి అప్పుడే వచ్చిన పిల్ల, కావాలన్నాడు. తల్లిచేపల్ని కళ్లారా చూస్తేగానీ డబ్బు కట్టనన్నాడు. సోమవారం వల లాగాం, ఆయన రాలేదు, వదిలేశాం. బుధవారం లాగాం, సగం చూసి వెళ్లిపోయాడు. శుక్రవారం మళ్లీ లాగాం. ఈసారి వదలడం దండగనుకుని అరవై చేపల్ని చిన్న హాపాలో, అదే వలగుడ్డ తొట్టిలో, కుక్కి రెండు రోజులు ఉంచాను. ఆదివారం సాయంత్రం గుడ్లు పెట్టించే హార్మోన్ ఇంజెక్షన్ చేశాను. గుడ్లు బ్రహ్మాండంగా పడ్డాయి. పదహారు గంటలకల్లా పిల్ల బయటికొచ్చింది. చూశారా, ఏం కాలేదు అని మీ అత్తయ్యతో గొప్పగా చెప్పాను కూడా.

వ్యాపారికి పోగా మిగిలిన స్పాన్‌ను నా నర్సరీ చెరువులోనే పెంచాను. ఇరవై రోజులకు, పిల్ల కాస్త పెరిగి ఫ్రై అయ్యాక, ప్యాకింగ్‌కు వల లాగితే అప్పుడు తెలిసింది. మంచి పిల్ల హాపాలో కాసేపు గింగిరాలు తిరిగి సర్దుకుంటుంది. ఇది సర్దుకోలేదు. మూలకు చేరి పక్కకు ఒరిగిపోయింది. ఆక్సిజన్ సంచుల్లో వెళ్లిన దాంట్లో సగం దారిలోనే తెల్లబడింది. కొన్న రైతు ఒక సంచి తెచ్చి మా అరుగు మీద పెట్టాడు. కేకలు వేయలేదు. “ఈ పిల్లకి బెదురెక్కువ బాబూ” అన్నాడంతే. నేను మాత్రం ప్యాకింగ్ కుర్రాణ్ణి పట్టుకుని, ఆక్సిజన్ తక్కువ కొట్టావని పదిమందిలో తిట్టి పనిలోంచి తీసేశాను.

మొన్న సంక్రాంతికి అరిసెలు తింటూ నువ్వు చెప్పావే, ఆ మాటతో నాకు ఆ సంచి కళ్ల ముందుకొచ్చింది. బెదిరిన చేపకు తల దగ్గరి మూత్రపిండంలోంచి కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోన్ ఊరుతుందనీ, తల్లి ఒంట్లోది గుడ్డు పచ్చసొనలోకి దిగుతుందనీ అన్నావు. శీలావతికి దూరపు చుట్టమైన జీబ్రా చేప పిల్ల, కుదుపు తగిలితే సొంతంగా కార్టిసాల్ వదిలేది నాలుగో రోజు దగ్గరట. గుడ్డు పగిలేదాకా దానికున్నది దాదాపు తల్లి పెట్టిందే. అమెరికాలో మెయిన్ రాష్ట్రపు ల్యాబులో ఆ పిండాల్ని మొదటి ఐదు రోజులు కార్టిసాల్ నీళ్లలో ఉంచి, తర్వాత మామూలు నీళ్లలో పెంచితే, పెద్దయ్యాక కూడా ఒంట్లో కార్టిసాల్ ఎక్కువే ఉందని, కత్తిరించిన తోక సరిగ్గా పెరగలేదని 2016లో రాశారన్నావు. కెనడాలో గుడ్డులోనే కార్టిసాల్ పెంచితే పిల్లల స్పందన మందగించిందట. ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ. ఎటు తిరిగినా, మన కంటికి పిల్ల కనబడకముందే దాని బెదురు కొలత మారిపోతోందన్నమాట. గుడ్లు లెక్కపెట్టి మురిసిపోయిన నాకు అదెలా తెలుస్తుంది తల్లీ?

అందుకే చెబుతున్నా. తల్లిచేపల్ని ఏ వ్యాపారికీ చూపించకు, ఫోన్లో వీడియో పంపు చాలు. ఎకరాకు ఎనిమిది వందల కిలోలు దాటనివ్వకు. ఇంజెక్షన్ రోజున ఒక్కసారే, చల్లపొద్దున, ముడుల్లేని మెత్తటి వల లాగు. చేపను తడి గుడ్డలో ఎత్తు, ఒట్టి చేతుల్తో కాదు. ఏ తల్లుల గుడ్లు ఏ తొట్టిలో పడ్డాయో నోటు పుస్తకంలో రాయి, లేకపోతే నాలాగా తప్పు ఇంకొకరి నెత్తిన పెడతావు. స్పాన్ తొట్టిలో ఉన్న మూడు రోజులూ అక్కడ అరుపులు, టార్చిలైట్లు వద్దు. ఫ్రైని ప్యాకింగ్‌కు ముందు హాపాలో అలవాటు చేయడం మాత్రం మానకు. అది వేరే సంగతి, పిల్ల కాస్త గట్టిపడ్డాక చేసే పని.

రాత్రిళ్లు ఒక్కదానివే గట్టు మీద ఉండకు. మీ అత్తయ్య జ్యేష్ఠంలో వచ్చి నెల ఉంటానంటోంది.

ఆ కుర్రాడికిప్పుడు యాభై ఏళ్లు. ఆకివీడులో ప్యాకింగ్ పనే చేస్తున్నాడు. నిన్న నంబరు పట్టుకుని ఫోన్ చేశాను. క్షమించమని అడిగితే కాసేపు మాట్లాడలేదు. తర్వాత, “పాపగారి మొదటి లోడు నేనే కడతాను” అన్నాడు. వస్తే ముందు భోజనం పెట్టు.

మీ మావయ్య