టాల్‌స్టాయ్ దగ్గర ఆగిపోయాను

ప్రశ్న: ‘యుద్ధము-శాంతి’ మొదలుపెట్టి నెలలు గడిచాయి. మొదటి సంపుటమే సాగడం లేదు. ఎవరెవరో గుర్తుండరు, యుద్ధాలు రాగానే కళ్లు మూతలు పడతాయి. అందరూ అంత గొప్పగా చెప్పే నవలను వదిలేయడానికి మనసొప్పదు. అది పూర్తి కానిదే ఇంకో పుస్తకం ముట్టుకోలేకపోతున్నాను. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు

జవాబు: మీ ఉత్తరంలో నన్ను బాధపెట్టింది ఆ చివరి సంగతి. ఒక్క నవల అడ్డం పడి మీ చదువంతా నిలిచిపోయింది. ముందు ఆ నియమం తీసేయండి. మీకు నచ్చే పుస్తకం ఏదైనా సరే, ఈ రాత్రికే పట్టుకోండి. ఇది పక్కన ఉంటుంది.

ఇక పేర్ల గొడవ. రష్యన్ నవలల్లో ఒకే మనిషిని సొంత పేరుతో, తండ్రి పేరుతో, ఇంటిపేరుతో, ముద్దుపేరుతో పిలుస్తుంటారు. ఈ నవలలో ముఖ్యపాత్ర అయిన పియేరే ఒకచోట ప్యోత్ర్ కిరిల్లొవిచ్, మరోచోట కౌంట్ బెజూహొవ్. ఒక చీటీ మీద రస్తోవ్, బొల్కోన్‌స్కీ, కురాగిన్ కుటుంబాల వాళ్లను వరసగా రాసి, పియేర్‌ను విడిగా వేసుకుని, పుస్తకంలోనే ఉంచుకోండి. మిగతా వందల మందీ వచ్చి పోయేవాళ్లే, వాళ్లను గుర్తుపెట్టుకునే శ్రమ వద్దు.

నెలలు పట్టిందని చిన్నబుచ్చుకోకండి. మొదటి భాగాలు 1865 నుంచి పత్రికలో వచ్చాయి, నవల పూర్తిగా అచ్చయ్యేసరికి 1869 అయింది. తొలి పాఠకులకు ఏళ్లే పట్టింది! సేనల కదలికలు విసుగనిపిస్తే పేజీలు తిప్పేయండి. చిట్టచివరి రెండో ఉపసంహారం మొత్తం చరిత్ర గురించిన చర్చ. అది చదవకపోయినా కథలో లోటు రాదు.

ఒక్క చోటు మాత్రం దాటేయకండి. మొదటి సంపుటం చివర్లో, ఆస్టర్‌లిట్జ్ యుద్ధంలో బొల్కోన్‌స్కీ కుటుంబపు ఆంద్రేయ్ గాయపడి వెల్లకిలా పడిపోతాడు. చుట్టూ ఏం జరుగుతోందో చూద్దామని కళ్లు తెరిస్తే పైన ఆకాశం తప్ప ఏమీ కనిపించదు. ఇంత ఎత్తయిన ఆకాశాన్ని ఇన్నాళ్లూ ఎలా చూడలేదని ఆశ్చర్యపోతాడు. ఆ పేజీల కోసమే నేను ఈ నవలను ఇంకొకరి చేతిలో పెడుతుంటాను. అక్కడిదాకా వచ్చాక కూడా ఈ మనిషి ఏమవుతాడోనన్న ఆరాటం మీలో కలగకపోతే, నిశ్చింతగా మూసేయండి. ఎవరికీ సంజాయిషీ చెప్పనక్కర్లేదు.

అప్పుడు కూడా టాల్‌స్టాయ్‌ను వదులుకోవద్దని నా మనవి. 1886లో వచ్చిన ‘ఇవాన్ ఇల్యీచ్ మరణం’ చాలా చిన్నది, పాత్రలూ కొద్దిమందే. దాన్ని చదివి ఎలా అనిపించిందో నాకు రాయండి.