807 సెట్టు మీద ఏఎం: మేనల్లుడికి ఒక లేఖ

నల్లగొండ

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీర్వదించి వ్రాయునది. ఉభయకుశలోపరి.

నీ ఉత్తరమూ, దానితో పంపిన ఫోటోలూ అందాయి. మహబూబ్‌నగర్‌లో ఒక పెద్దాయన ఇంటి అటక మీద ఏళ్ల తరబడి పడి ఉన్న ఏఎం రేడియో ట్రాన్స్‌మిటర్‌ను (గొంతుకు తగ్గట్టు రేడియో అల బలాన్ని పెంచి తగ్గించి పంపే సెట్టును) తుక్కు బండికి పోనివ్వకుండా నువ్వు తెచ్చుకున్నందుకు నాకు చాలా సంతోషంగా ఉంది. అలను బలపరిచి ఏరియల్‌కు పంపే చివరి దశలో ఒక 807 వాల్వు, గొంతును ఆ అల మీదికి ఎక్కించే మాడ్యులేటర్‌లో ఒక జత 6ఎల్6 వాల్వులు, చేత్తో చుట్టిన కాయిళ్లు: మన దేశంలో ఒక తరం హ్యామ్‌లు (సరదాకు సొంత రేడియో సెట్లు నడిపేవాళ్లు) రెండో ప్రపంచ యుద్ధకాలపు మిగులు సామాన్లతో కట్టుకున్న సెట్లు ఇలాంటివే. మైకులో మాట్లాడినప్పుడల్లా ప్లేటు కరెంటు మీటరు సూది కిందికి పడుతున్నదనీ, వినేవాళ్లు క్యారియర్ (గొంతును మోసే రేడియో అల) బలంగా ఉంది కానీ గొంతు పీలగా ఉందంటున్నారనీ రాశావు. 6ఎల్6 మాడ్యులేటర్‌ను పూర్తిగా తీసేసి ట్రాన్సిస్టర్ బోర్డు పెట్టమంటావా అని అడిగావు. ఇప్పుడే వద్దు. నువ్వు చెప్పిన లక్షణాన్ని బట్టి చూస్తే లోపం మాడ్యులేటర్‌లో ఉండే అవకాశం తక్కువ. కారణం తెలియకుండా సోల్డరింగ్ ఐరన్ పట్టుకుంటే బాగున్న భాగం పోయి, చెడ్డ భాగం మిగిలిపోతుంది.

ముందుగా ఒక్క సంగతి మనసులో పెట్టుకో. 807లో ఎలక్ట్రాన్లు చేరే ప్లేటుకు 500 వోల్టులు, 80 మిల్లీఆంపియర్లు అందుతున్నాయనుకుందాం, అంటే 40 వాట్లు. నువ్వు మాట్లాడినప్పుడు మాడ్యులేటర్ నుంచి వచ్చే ఆడియో వోల్టేజీ ఆ 500కు ఒక క్షణం కలుస్తుంది, మరుక్షణం అందులోంచి తగ్గుతుంది. గొంతు క్యారియర్ మీద పూర్తిగా ఎక్కే నూరు శాతం మాడ్యులేషన్‌లో ప్లేటు వోల్టేజీ శిఖరం దగ్గర 1000కి ఎక్కి, అడుగున సున్నాకు దిగుతుంది. వోల్టేజీ రెట్టింపయినప్పుడు కరెంటు కూడా రెట్టింపు కాగలిగితేనే ఆ క్షణంలో వెలువడే శక్తి క్యారియర్‌కు నాలుగింతలవుతుంది. ఎక్కినంతా దిగుతుంది కనుక సగటు కరెంటు మారదు, మీటరు సూది కదలకుండా నిలబడుతుంది. సూది పడిపోతున్నదంటే, కిందికి దిగడం పూర్తిగా జరుగుతున్నది కానీ పైకి ఎక్కేటప్పుడు సెట్టులో ఏదో ఒకటి రెట్టింపు ఇవ్వలేకపోతున్నదన్నమాట. ఆ ఏదో ఒకటి ఏమిటన్నదే మనం వెతకాలి. 40 వాట్ల ఇన్‌పుట్‌ను పూర్తిగా మాడ్యులేట్ చేయడానికి అందులో సగం, అంటే 20 వాట్ల ఆడియో చాలు. ఆరోగ్యంగా ఉన్న 6ఎల్6 జత పుష్‌పుల్‌లో (వంతులవారీగా లాగే అమరికలో) 25 వాట్ల దాకా సునాయాసంగా ఇస్తుంది. అందుకే నేను మాడ్యులేటర్‌ను మొదట అనుమానించడం లేదు.

సెట్టు మూత తీసే ముందు ప్రాణం సంగతి. 500 వోల్టుల డీసీ తాకితే ప్రాణమే పోవచ్చు. స్విచ్ ఆపిన తర్వాత కూడా ఫిల్టర్ కండెన్సర్లు ఆ వోల్టేజీని పట్టుకుని ఉంటాయి, దాన్ని ఖాళీ చేసే బ్లీడర్ రెసిస్టరు తెగిపోయి ఉంటే ఎంతో సేపు. ఒక పొడవైన ఎండిన వెదురు కర్ర చివర రాగి కొక్కెం బిగించి, దానికి మందపాటి వైరు కట్టి, ఆ వైరు రెండో కొసను ముందుగా చాసిస్‌కు (సెట్టు లోహపు పీఠానికి) గట్టిగా బిగించు. ప్లగ్గు పీకిన తర్వాత ఆ కొక్కేన్ని మొదట ఒక పెద్ద రెసిస్టరు ద్వారా, తర్వాత నేరుగా హైటెన్షన్ లైనుకు (ఆ 500 వోల్టుల లైనుకు) ఆనించి, అక్కడే తగిలించి ఉంచి పని చేయి. సెట్టు నడుస్తుండగా కొలవవలసి వస్తే ఒక చెయ్యి జేబులోనే ఉండాలి, కాళ్ల కింద రబ్బరు చాప ఉండాలి, ఇంట్లో ఇంకొక మనిషి మేలుకుని ఉండాలి. మన నేలల్లో ఎర్త్ కూడా అంత తేలిగ్గా దొరకదు. రెండడుగులు తవ్వితే రాయి తగులుతుంది, ఎండాకాలంలో గొయ్యి ఎండిపోతుంది. ఉప్పు, బొగ్గు వేసిన ఎర్త్ గుంతలో వేసవి నాలుగు నెలలూ నీళ్లు పోస్తూ ఉండు.

కొలతలు గోడ సాకెట్టు దగ్గర మొదలుపెట్టు. మీ వైపు వ్యవసాయ మోటార్లు నడుస్తున్నప్పుడు వోల్టేజీ కుంగిపోతుంది, అవి ఆగగానే 245కు కూడా ఎగబాకుతుంది. ఆ కాలపు ట్రాన్స్‌ఫార్మర్ 220 వోల్టులకు చుట్టినదైతే, 245 దగ్గర 6.3 వోల్టులు రావలసిన వాల్వు హీటరుకు 7 వోల్టులు వస్తాయి, వాల్వుల ఆయుష్షు కరిగిపోతుంది. తగ్గినప్పుడు ఆ హీటరు వేడి చేసే కేథోడ్ చాలినన్ని ఎలక్ట్రాన్లు ఇవ్వలేదు, అప్పుడు శిఖరం దగ్గర రెట్టింపు కరెంటు ఎక్కడి నుంచి వస్తుంది? కాబట్టి వాల్వు సాకెట్టు కాళ్ల దగ్గరే హీటరు వోల్టేజీ కొలువు. 5.7కూ 6.9కీ మధ్య ఉంటే ముందుకు సాగవచ్చు.

పవర్ సప్లయిలోని ఎలక్ట్రోలిటిక్ కండెన్సర్లను మళ్లీ బతికించే ప్రయత్నం చేయకు, మార్చెయ్. కోఠిలోని గుజరాతీ గల్లీలో 450 వోల్టులవి దొరుకుతాయి. 500 వోల్టుల లైనుకు రెండింటిని సిరీస్‌లో వేసి, వోల్టేజీ సమానంగా పంచుకోవడానికి ఒక్కొక్కదాని మీద 100 కిలో ఓముల 2 వాట్ల రెసిస్టరు పెట్టాలి. ఏసీని డీసీగా మార్చే రెక్టిఫయర్ వాల్వు తీసేసి సిలికాన్ డయోడ్లు పెట్టమని నీకు చాలామంది చెబుతారు. అలా చేస్తే హైటెన్షన్ పదుల వోల్టులు పెరుగుతుంది, పైగా మిగతా వాల్వులు వేడెక్కకముందే ప్లేట్ల మీద పడుతుంది. రెక్టిఫయర్ బాగుంటే దాన్ని ఉండనీ.

ఇప్పుడు అసలు అనుమానితులు. మాట్లాడుతున్నప్పుడు ప్లేటు కరెంటుతో పాటు హైటెన్షన్‌ను కూడా చూడు. 6ఎల్6 జతకూ 807కూ ఒకే సప్లయి ఉంటే, గొంతు పెంచిన ప్రతిసారీ మాడ్యులేటర్ ఎక్కువ కరెంటు లాగుతుంది, సప్లయి కుంగితే దానితో పాటు క్యారియర్ కూడా కుంగుతుంది. 500 వోల్టులు 470కి పడితే నీ జబ్బులో కొంత భాగం అక్కడే ఉంది. తర్వాత గ్రిడ్ కరెంటు. ముందు దశ నుంచి 807 గ్రిడ్‌కు అందే బలాన్ని (డ్రైవ్‌ను) అది చూపిస్తుంది. పూర్తి లోడుతో నడుస్తున్నప్పుడు 807కు 3 నుంచి 4 మిల్లీఆంపియర్ల గ్రిడ్ కరెంటు ఉండాలి. లోడు లేనప్పుడు 4 చూపించి, లోడు వేయగానే 2కు దిగితే ముందు దశ బలహీనంగా ఉన్నట్టు లెక్క. డ్రైవ్ తక్కువగా ఉన్న 807 క్యారియర్ వరకు బాగానే ఇస్తుంది, శిఖరం దగ్గర చేతులెత్తేస్తుంది.

నాకు అన్నిటికంటే ఎక్కువ అనుమానం స్క్రీన్ గ్రిడ్ (ప్లేటుకు ముందుండే రెండో గ్రిడ్) మీద ఉంది, నీ ఫోటోల్లో చాసిస్ అడుగు భాగాన్ని చూశాక ఆ అనుమానం బలపడింది. 807 లాంటి వాల్వులో ప్లేటు కరెంటును ప్లేటు వోల్టేజీ కంటే స్క్రీన్ వోల్టేజీ ఎక్కువగా శాసిస్తుంది. అందువల్ల ప్లేటుతో పాటు స్క్రీన్ కూడా ఆడియోతో ఎక్కుతూ దిగుతూ ఉండాలి. ఈ సెట్టులో మాడ్యులేటైన హైటెన్షన్ నుంచే వోల్టేజీ తగ్గించే ఒక డ్రాపింగ్ రెసిస్టరు ద్వారా స్క్రీన్‌కు వోల్టేజీ వెళుతున్నది, అది సరైన పద్ధతే. దాని విలువ 30 కిలో ఓముల దరిదాపుల్లో ఉండి, స్క్రీన్ దగ్గర 250 వోల్టులు కనిపించాలి. పాత కార్బన్ రెసిస్టర్లు వేడికి ఏళ్ల తరబడి కాగి కాగి విలువ పెంచుకుంటాయి. పైన రంగుల గీతలు ఏమి చెప్పినా, ఒక కాలు ఊడదీసి మీటరుతో కొలిచిందే లెక్క. 45 కిలో ఓములు చూపిస్తే 10 వాట్ల వైర్‌వౌండ్ ఒకటి పెట్టు. దాని పక్కనే స్క్రీన్ నుంచి చాసిస్‌కు వెళ్లే బైపాస్ కండెన్సర్ ఉంది చూడు. ఫోటోలో అది పసుపు పచ్చగా, చుట్టూ ఉన్న పాత భాగాల కంటే కొత్తగా, పెద్దగా కనిపిస్తున్నది. దాని మీద 0.1 మైక్రోఫారడ్ అని ఉన్నట్టు నాకు అనిపించింది. అదే నిజమైతే దొంగ దొరికినట్టే. రేడియో పౌనఃపున్యాన్ని మాత్రమే నేలకు దింపవలసిన చోట 0.1 పెడితే, 300 హెర్ట్జ్ దగ్గర కూడా అది సుమారు 5 కిలో ఓములే కనుక, 30 కిలో ఓముల రెసిస్టరు గుండా వచ్చే ఆడియోను అది మింగేస్తుంది. స్క్రీన్ కదలకుండా 250 దగ్గరే నిలిచిపోతుంది, ప్లేటు వోల్టేజీ 1000కి ఎక్కినా కరెంటు రెట్టింపు కాదు. అక్కడ ఉండవలసింది 0.001 మైక్రోఫారడ్, 1000 వోల్టులకు తగ్గని మైకా గాని సిరామిక్ గాని. ఎవరో మంచి ఉద్దేశంతోనే మార్చి ఉంటారు, ఆడియో సంగతి వారికి తట్టి ఉండదు.

ఇవన్నీ సరిగ్గా ఉన్నా సూది పడుతుంటే లోడింగు (ఏరియల్ వైపు ఎంత శక్తి లాగుతున్నామన్నది) చూడు. ప్లేటు ట్యూనింగ్‌ను డిప్‌కు (ప్లేటు కరెంటు అతి తక్కువయ్యే చోటికి) తెచ్చి, లోడింగు పెంచుతూ, మళ్లీ డిప్ చేస్తూ 80 మిల్లీఆంపియర్లకు చేరాలి. 500ను 0.08తో భాగిస్తే వచ్చే 6250 ఓములే మాడ్యులేటర్‌కు కనిపించే లోడు. క్యారియర్ ఎక్కువ చూపించాలన్న ఆశతో 110 దాకా లాగితే మాడ్యులేటర్‌కు జత కుదరదు, వాల్వుకు శిఖరం మీద మిగులు ఉండదు. ఇవేవీ కారణం కాకపోతే 807 కేథోడే అలసిపోయిందనుకుని ఇంకొక వాల్వు పెట్టి చూడు. ప్లేటు టోపీ దగ్గర 47 ఓముల రెసిస్టరు చుట్టూ నాలుగైదు చుట్ల వైరు ఉంటుంది. అది పిచ్చి డోలనాలను ఆపడానికి పెట్టినది, అనవసరమనుకుని తీసేయకు.

మాడ్యులేటర్‌లో చూడవలసింది ముఖ్యంగా ఒక దశ నుంచి ఇంకో దశకు ఆడియోను అందించే కప్లింగ్ కండెన్సర్లు. 6ఎల్6 రెండూ ఊడదీసి, సెట్టు ఆన్ చేసి, వాటి గ్రిడ్ కాళ్ల దగ్గర డీసీ కొలువు. అరవోల్టు పాజిటివ్ కనిపించినా ఆ కాగితం కండెన్సర్ కారుతున్నట్టే. దాన్ని 630 వోల్టుల ఫిల్మ్ కండెన్సర్‌తో మార్చు. ఆడియోను 807కు అందించే మాడ్యులేషన్ ట్రాన్స్‌ఫార్మర్‌ను కంటికి రెప్పలా కాపాడుకో. 807 పని చేయకుండా, అంటే లోడు లేకుండా, మైకులో మాట్లాడితే సెకండరీలో వోల్టేజీ విపరీతంగా లేచి లోపలి ఇన్సులేషన్ చీలిపోతుంది. అలాంటి ట్రాన్స్‌ఫార్మర్ మళ్లీ దొరకడం చాలా కష్టం.

ఒకవేళ అది ఇప్పటికే పోయి ఉంటే, నీ ట్రాన్సిస్టర్ బోర్డు కంటే మంచి దారి ఒకటుంది. కురుమూర్తి జాతరలకూ, పెళ్లిళ్లకూ ఒకప్పుడు మైకుసెట్లు అద్దెకిచ్చిన దుకాణాల్లో వాల్వు ఆంప్లిఫయర్లు ఇంకా మూలన పడి ఉంటాయి. ఒక మంచి ఆంప్లిఫయర్, దానితో పాటు పుష్‌పుల్ 6ఎల్6కు చుట్టిన 6600 ఓముల విడి అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి సంపాదించు. ఆంప్లిఫయర్ 8 ఓముల అవుట్‌పుట్‌ను ఆ విడి ట్రాన్స్‌ఫార్మర్ 8 ఓముల వైపుకు ఇస్తే, రెండో వైపు రెండు ప్లేటు కొసల మధ్య మనకు కావలసిన 6250కు దగ్గరగానే వస్తుంది. అయితే దాని గుండా 807 డీసీ పోనివ్వకూడదు, పోనిస్తే ఇనుము సంతృప్తమై గొంతు బొంగురుపోతుంది. అందుకని హైటెన్షన్‌ను 10 హెన్రీల, 150 మిల్లీఆంపియర్ల చోక్ (డీసీని పోనిచ్చి ఆడియోను ఆపే కాయిల్) గుండా 807కు ఇచ్చి, ఆడియోను 1000 వోల్టులకు పైబడిన 2 మైక్రోఫారడ్ల కండెన్సర్ గుండా చోక్ తర్వాత కలపాలి. దీనివల్ల పాత సెట్టు ముఖం మీద ఒక్క రంధ్రం కూడా వేయనక్కర్లేదు, రేపు ఎప్పుడైనా అసలు ట్రాన్స్‌ఫార్మర్ దొరికితే తిరిగి పెట్టుకోవచ్చు. ఏ మార్పు చేసినా ఊడదీసిన భాగాన్ని చీటీ కట్టి దాచు, నోటుబుక్కులో తేదీ వేసి రాసుకో. ఆ పెద్దాయన చేతిపనిని మనం అంత మాత్రం గౌరవించాలి.

మైకు సంగతి క్లుప్తంగా: ఆ కాలపు క్రిస్టల్ మైకులు మన ఎండలకూ తేమకూ చచ్చిపోతాయి. డైనమిక్ మైకుకు మ్యాచింగ్ ట్రాన్స్‌ఫార్మర్ చేర్చి వాడుకో. మాట్లాడినప్పుడు ఈల వినిపిస్తే మొదటి గ్రిడ్ దగ్గర 100 పికోఫారడ్లు పెట్టి, మైకు వైరు షీల్డును సాకెట్టు దగ్గరే చాసిస్‌కు అంటించు.

పరీక్షలన్నీ డమ్మీ లోడు (ఏరియల్‌కు బదులు తగిలించే రెసిస్టరు) మీదే చేయి. 50 ఓముల ఇండక్టెన్స్ లేని రెసిస్టర్లు లేకపోతే 40 వాట్ల బల్బు కూడా మోటుగా పనికివస్తుంది, మాట్లాడినప్పుడు అది మరింత వెలగాలి. ఆర్‌ఎఫ్ ఆమ్మీటరు ఉంటే, నూరు శాతం మాడ్యులేషన్‌లో స్థిరమైన స్వరానికి దాని రీడింగు సుమారు 22 శాతం పెరగాలి. ఎవరి దగ్గరైనా ఆసిల్లోస్కోపు ఉంటే ట్రెపిజాయిడ్ చిత్రం (మాడ్యులేషన్‌ను ఒక వైపు మొనగా, ఇంకో వైపు వెడల్పుగా చూపేది) చూడు, మొన తెగి గీతగా సాగితే అతి మాడ్యులేషన్, వెడల్పు వైపు గుండ్రమైతే నేను చెబుతున్న, రెట్టింపు ఇవ్వలేని లోపం.

7 మెగాహెర్ట్జ్ మీదికి వచ్చేటప్పుడు మన దేశంలో హ్యామ్‌లకు 7000 నుంచి 7200 కిలోహెర్ట్జ్ వరకే ఉన్నదనీ, ఏఎం గొంతు క్యారియర్‌కు రెండు వైపులా 3 కిలోహెర్ట్జ్ చొప్పున పరుచుకుంటుందనీ గుర్తుంచుకుని, అంచులకు దూరంగా, క్యారియర్ లేకుండా ఒక పక్క పట్టీనే పంపే ఎస్‌ఎస్‌బీ వాళ్లను తొక్కకుండా చోటు చూసుకో. నీ లైసెన్సు తరగతికి ఉన్న శక్తి పరిమితిని చూసేటప్పుడు 40 వాట్ల ఇన్‌పుట్‌కు వెలువడే సుమారు 28 వాట్ల క్యారియర్ శిఖరం మీద 112 వాట్లవుతుందన్నది లెక్కలోకి తీసుకో. ఏఎంలో శక్తిలో ఎక్కువ భాగం క్యారియర్‌కే పోతుందని విమర్శించేవారి మాట నిజమే. కానీ మనిషి గొంతు మనిషి గొంతులా వినిపించడానికి ఆ ఖర్చు తగినదేనని నేను గట్టిగా నమ్ముతాను. 143ను మెగాహెర్ట్జ్‌తో భాగిస్తే డైపోల్ ఏరియల్ మొత్తం పొడవు మీటర్లలో వస్తుంది, 7.1కు ఇంచుమించు 20. పొలం గట్టున ఉన్న రెండు తాటిచెట్ల మధ్య కట్టుకో, ఉరుములు వినబడితే ఫీడర్‌ను (ఏరియల్ నుంచి వచ్చే తీగను) సెట్టు నుంచి ఊడదీయి.

వచ్చే ఉత్తరంలో నాకు ఈ కొలతలు రాసి పంపు: గోడ సాకెట్టు వోల్టేజీ పగలూ రాత్రీ ఎంత, హీటరు ఎంత, మాట్లాడనప్పుడూ మాట్లాడుతున్నప్పుడూ హైటెన్షన్ ఎంత, లోడుతో గ్రిడ్ కరెంటు ఎంత, స్క్రీన్ వోల్టేజీ ఎంత, డ్రాపింగ్ రెసిస్టరు అసలు విలువ ఎంత. ఆ పసుపు కండెన్సర్ మీద ఏమి రాసి ఉందో దగ్గరగా ఫోటో తీసి పంపు. అవి చూశాకే మాడ్యులేటర్ గురించి నిర్ణయిద్దాం.

అక్కయ్యకూ బావగారికీ నా నమస్కారాలు చెప్పు.

ఇట్లు,
మీ మామయ్య