వైల్డ్ హార్సెస్‌లో పియానో ఎవరిది?

'బ్రౌన్ షుగర్', 'వైల్డ్ హార్సెస్' పాటలు ఒకేచోట రికార్డయినా పియానో వేర్వేరు వాళ్ళదేమో అని అడిగారు కదా, మీ అనుమానం కరెక్టేనండీ. బ్రిటిష్ రాక్ బ్యాండ్ రోలింగ్ స్టోన్స్ వాళ్ళ 'బ్రౌన్ షుగర్', 'వైల్డ్ హార్సెస్' రెండూ 1969 డిసెంబర్‌లో అలబామాలోని మజిల్ షోల్స్ స్టూడియోలో రికార్డయినవే. అయినా పియానో ఒకరిది కాదు. మొదటిదాంట్లో ఇయాన్ స్టూవర్ట్, రెండోదాంట్లో జిమ్ డికిన్సన్.

స్టూవర్ట్ అక్కడే ఉండి కూడా ఎందుకు వాయించలేదంటారా? ఆయనకి మైనర్ కార్డులంటే (కాస్త విషాదంగా వినిపించే స్వరాల కలయికలు) పడదు. బూగీ వూగీ (హుషారైన పియానో శైలి), బ్లూస్ ఆయన ప్రాణం. 'వైల్డ్ హార్సెస్'లో మైనర్ కార్డులు ఉన్నాయి కదా, అందుకని పక్కకి తప్పుకున్నాడు. అప్పుడు అక్కడే ఉన్న డికిన్సన్ పియానో ముందు కూర్చున్నాడు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినండి, పాత పియానోలా కాస్త రేకు మోతతో గిటార్ల వెనక మెల్లగా వినిపిస్తుంది.

స్టూవర్ట్ సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధే. బ్యాండ్ మొదలుపెట్టిన వాళ్ళలో ఒకడు. 1963లో మేనేజర్ ఆయన రూపం బ్యాండ్‌కి నప్పదని లైనప్‌లోంచి తీసేశాడు. అయినా అలిగి వెళ్ళిపోలేదు. సామాన్లు మోస్తూ, వ్యాను నడుపుతూ, పియానో వాయిస్తూ 1985లో పోయేదాకా వాళ్ళతోనే ఉన్నాడు.

మీరడిగిన ఇంకో పాట, 'షీ ఈజ్ ఎ రెయిన్‌బో' (1967): ఆ గలగలలాడే పియానో నిక్కీ హాప్కిన్స్‌ది. అందులో తీగవాద్యాల అమరిక జాన్ పాల్ జోన్స్‌ది, అప్పటికింకా ఆయన తర్వాత వాయించిన రాక్ బ్యాండ్ లెడ్ జెప్పెలిన్ పుట్టలేదు. హాప్కిన్స్ నచ్చితే తర్వాత స్టోన్స్‌దే 'సింపతీ ఫర్ ద డెవిల్' వినండి, పాటని ముందుకు తోసేది ఆయన పియానోనే.